యూనిఫాం విప్పకముందు దిగిన ఫోటో

పోయిన వారం కర్జకాన్ నుంచి ఒక బహ్రెయినీ పెద్దమనిషి తన పికప్‌లో ఫోటో ఫ్రేము ఒకటి వేసుకొచ్చి, హమద్ టౌన్‌లో మా స్టూడియో ముందు ఆపాడు. ఫ్రేముకు దుప్పటి చుట్టి ఉంది. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. తలుపంత ఫోటో నా చేత చేయించుకున్న గిరాకీ ఒక్కరే. ఆ పెద్దమనిషి ఇంట్లో ముప్పై ఏళ్ళుగా అద్దెకున్న అమెరికా ఆయన పోయారట. చూపు పూర్తిగా పోయాక కూడా ఆయన తన కుర్చీ ఈ ఫోటోకు ఎదురుగానే వేయించుకునేవారట. దీన్ని అమెరికాలో ఉన్న ఆయన అక్కకు కార్గోలో పంపాలి, చెక్కపెట్టె కట్టి ఇమ్మని అడిగాడు. "ఉస్తాద్ తప్ప ఇంకెవరూ ముట్టుకోవద్దని చెప్పి పోయాడు," అన్నాడు.

ఉస్తాద్ అంటే నేనే. ఆ పేరు ఆయన పెట్టిందే. అద్దం మీద దుమ్ము తుడుస్తుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పెట్టె పని రేపు చూసుకుందామని ఫ్రేమును గోడకు ఆనించి పెట్టాను.

మా ఊళ్ళో ఎవరినడిగినా నేను దుబాయిలో ఉన్నాననే చెబుతారు. ఉండేది బహ్రెయిన్. వచ్చిన కొత్తలో రెండేళ్ళు సిమెంటు మోశాను. కోరుట్లలో ఫోటో స్టూడియోలో టచప్ నేర్చుకున్నవాణ్ణని తెలిసి ఇప్పటి కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని, నన్ను ఇటు తెచ్చుకున్నాడు. ఈ దీవిలో టచప్‌లో నాకు సాటి వచ్చేవాడు లేడు. గొప్పకు చెప్పడం లేదు, పని చూసినవాళ్ళు చెప్పే మాటే. మూసుకున్న కళ్ళు తెరిపిస్తాను. ఎప్పుడూ ఒకేసారి ఇంటికి చేరని నలుగురు అన్నదమ్ముల్ని ఒకే సోఫాలో కూర్చోబెడతాను. పోయినాయన్ని పెళ్ళి గుంపులోంచి విడదీసి, కోటు తొడిగి, దండ వేయడానికి వీలుగా ఒంటరిగా నిలబెడతాను. మా గురువు నేర్పిన మొదటి సూత్రం ఒకటుంది. ముఖం ఎవరిదైనా సరే, ముందు రెండు పాయింట్లు తెలుపెక్కించు, మిగతా పని తర్వాత. మామీర్ కార్ఖానాల వెల్డర్లైనా, ఇళ్ళలో పనిచేసే కాకినాడ వైపు అక్కలైనా నన్ను అడిగేది కూడా అదే. అడగనివాళ్ళకు అడగకుండానే చేసేవాణ్ణి.

ఆ అమెరికా ఆయన మొదటిసారి వచ్చినప్పుడు పనేమిటో చెప్పలేదు. నల్లటి మనిషి, పొడుగు, వయసు డెబ్బై దాటి ఉంటుంది. చొక్కాకూ ప్యాంటుకూ ఇస్త్రీ మడత నలగదు. మెడలో బూటు తాడుకు కట్టిన భూతద్దం. గోడ మీద నేను నమూనాకు తగిలించిన ఫోటోల వరుస దగ్గరికి పోయి, అద్దం పెట్టి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషు, మధ్యమధ్య ఓడరేవు పనిలో పట్టుబడిన హిందీ. అది నా చెవిన పడేసరికి మా జగిత్యాల మాటైపోయేది. నాకు గుర్తున్నదీ అలాగే కాబట్టి అలాగే రాస్తాను.

"గీయన ఇంటికి పోతున్నడు," అన్నారు మొదటి ఫోటో చూసి. రెండోది చూసి, "గీయన ఇప్పుడే అచ్చిండు." అలా వరుసంతా చెప్పుకుంటూ పోయారు. వాళ్ళందరూ నాకు తెలిసినవాళ్ళే. ఒక్కటీ తప్పు పోలేదు. చివర నా ఫోటో ఉంది. దాని దగ్గర చాలాసేపు ఆగి, "గీయన యాడున్నడో గీయనకే తెల్వదు," అన్నారు.

ఎలా తెలిసిందని అడిగాను.

"పోయెటోడు మెడ సాపుతడు. అచ్చినోడు భుజాలు దించుతడు. చిన్నప్పుడు మా పేటల ఏ ఇంటికి పోయినా అసొంటి ఫోటోలే ఉండేటివి. యుద్ధం నుంచి తిరిగచ్చిన మా మనుషులు, పక్కన పెండ్లాలు, పిల్లలు. పొద్దుమూకుల గవ్వే చూస్తుంటి."

ఆయనకు ఇంకో అలవాటుండేది. కారు నడపడం మానేశాక బస్సులో వచ్చేవారు, ఎప్పుడు చూసినా డ్రైవరు వెనక మొదటి సీటులోనే. కళ్ళు ఆనవు కదా, అందుకని అనుకున్నాను. ఒకసారి ఆ మాటే అంటే, "కండ్లు మంచిగున్నప్పుడు గూడ గక్కడనే కూసున్న," అన్నారు. ఎందుకో ఆ రోజు చెప్పలేదు.

రెండోసారి వచ్చినప్పుడు జేబులోంచి కవరు తీసి, కవరులోంచి పల్చటి బట్ట తీసి, ఆ బట్టలోంచి ఫోటో తీశారు. అరచేతి అంత ఉంది, పగుళ్ళు పట్టి ఉంది. మిలిటరీ యూనిఫాంలో ఒకాయన, పక్కన ముదురు కోటు వేసుకున్న ఆవిడ, వాళ్ళ ముందు నాలుగేళ్ళ పిల్ల. అమ్మా నాన్నా అక్కా అన్నారు. తను అప్పటికి పుట్టలేదట. "తలుపంత చెయ్యి. నాయిన మొహం మంచిగ కనవడాలె," అన్నారు.

పని అంటే అలాంటి పనే చేయాలి. మూడు రోజులు వేరే గిరాకీ ముట్టలేదు. పగుళ్ళు పూడ్చాను. నలుపు తెలుపు ఫోటోకు రంగులద్దాను. యూనిఫాంకు ఆకుపచ్చ, పిల్ల గౌనుకు గులాబీ, పెదాలకు కొంచెం ఎరుపు. ముగ్గురి ముఖాలకూ చేతులకూ చక్కటి గోధుమరంగు, మా గురువు పెళ్ళికొడుకులకు వేసే రంగు. ఆయన చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంటారని నమ్మకంగా ఉన్నాను.

ఆయన భూతద్దం పెట్టి చూశారు. చాలాసేపు చూశారు.

"గీయన ఎవలు?" అన్నారు మర్యాదగా.

"మీ నాయినే గద బాబా."

"కాదు. మా నాయినను నీ చేతుల పెట్టి పోయిన. నువ్వు ఇంకెవల్నో తెచ్చినవు."

నాకు కోపం వచ్చింది. నా పనికి అప్పటిదాకా వంక పెట్టినవాడు లేడు. "గిట్లయితె మంచిగ కొడ్తది బాబా," అన్నాను.

"మంచిగ ఎవలకు?"

టీ తెప్పించాను. కుర్చీలో కూర్చుని ఆయన నెమ్మదిగా చెప్పారు. కంటి నరం ఎండిపోతోందట. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రమే కనిపిస్తుందట, ఆ గొట్టమూ వారం వారం సన్నబడుతోందట. "నాకు రెండేండ్లు నిండకముందే నాయిన పోయిండు, కట్టె కోసే మిల్లుల దెబ్బ తాకి. ఆయన మొహం నాకు తెల్వది. నాకు దొరికిన మొహం గీ ఫోటోల ఉన్నది ఒక్కటే. కండ్లు మూతవడక ముందల ఆయనను పెద్దగ, ఎదురుంగ చూడాలె. కడసారి చూసేది వేరేటోణ్ణి చూసి నేనేం చేసుకోవాలె ఉస్తాద్?"

ఆ తర్వాత ఆ ఫోటో సంగతి చెప్పారు. యుద్ధం అయిపోయి ఆయన నాయిన ఇంటికి బయలుదేరే ముందు నాయినమ్మ ఉత్తరం రాయించిందట. సంచిలో మామూలు బట్టలు పెట్టుకో, రైల్లోనే మార్చుకో, యూనిఫాంలో మాత్రం దిగకు అని.

"యూనిఫాంల దిగినోళ్ళను స్టేషన్ల కొట్టిన సంగతులు గప్పుడు ఊరూర ఉన్నయి. దేశం కోసం కొట్లాడి అచ్చినా సరే, నల్లోడు గా బట్టలేసుకొని తల ఎత్తి నడుస్తె ఓర్వకపోయేటోళ్ళు. నాయిన మార్చుకోలే. గట్లనే దిగిండు. దిగి ఇంటికి గూడ పోలే. మా పేటల ఫోటో తీసే ఆయన దగ్గరికి పోయి, అమ్మను అక్కను గక్కడికే రమ్మని మనిషిని తోలిండు. గీ బట్టలు ఇప్పకముందు ఫోటో దిగాలె, గటెన్కనే ఇల్లు అన్నడట."

తెల్లవాళ్ళ స్టూడియోల్లోకి వీళ్ళను రానిచ్చేవారు కాదట. వీళ్ళ పేటలో వీళ్ళ మనిషే ఒకాయన స్టూడియో పెట్టుకున్నాడట. "మా మొహాల మీద వెలుగు ఎట్ల పడాల్నో ఆయనకు ఎరికె. మనిషి ముందల నేల మీద తెల్ల బట్ట పరిచేటోడు. వెలుగు దాని మీద పడి కిందికెల్లి మొహానికి లేస్తది. మొహం ఎట్లున్నది గట్లనే అస్తది. బట్ట తొక్కద్దని అక్కకు మూడుసార్లు చెప్పిండట. అక్కకు గిప్పటికీ యాదికున్నది."

నేను ఫోటో తీసుకుని దీపం కిందికి పోయాను. నిజమే. గడ్డం కింద నీడ లేదు. ముగ్గురి కళ్ళలోనూ కింది అంచున సన్నటి తెల్లగీత ఉంది. నా పనిలో నన్ను మించినవాడు ఇన్నాళ్ళకు కనిపించాడు. పోయి ఎన్నేళ్ళయిందో, పేరేమిటో కూడా తెలియదు. ఆయన అంత జాగ్రత్తగా పట్టిన ముఖాలను నేను మూడు రోజులు కూర్చుని చెరిపేశాను.

నల్లవాళ్ళకు వేరే రైలుపెట్టె, వేరే కుళాయి, బస్సులో వెనక సీట్లు అని ఆయన చెబుతుంటే నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. మా ఊరి హోటల్లో మా నాయిన గ్లాసు బయట చూరులో ఉండేది. తాగి, కడిగి, తనే మళ్ళీ అక్కడ పెట్టాలి. అలాంటి ఇంట్లో పుట్టి, పదహారేళ్ళుగా వచ్చిన ప్రతి మనిషికీ రంగు మారుస్తూ కూర్చున్నానని ఆ పూట తెలిసింది. సిగ్గేసింది. ఆ మాట ఆయనతో చెప్పాను కూడా.

"సిగ్గువడ్తె ఫోటో కాదు ఉస్తాద్. పని చెయ్యి," అన్నారు.

పని అనుకున్నంత సులువుగా సాగలేదు. రంగులన్నీ తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. మా పెద్ద ప్రింటింగ్ మిషన్‌ను ఇన్నేళ్ళుగా తెల్లముఖాల కోసమే తిప్పి పెట్టుకున్నాను. ఇప్పుడు అది నా మాట వినలేదు. ఒకసారి ముఖాలు బూడిదలా వచ్చేవి, ఇంకోసారి మొత్తం బొగ్గుముద్ద. ఆయన ప్రతి శనివారం వచ్చేవారు. ప్రింటు చూసి, తల అడ్డంగా ఊపి, టీ తాగి, బస్సెక్కేవారు. తొందరపెట్టింది లేదు. కానీ మూడో శనివారం పోయేటప్పుడు తలుపు హ్యాండిల్ కోసం ఆయన గోడంతా తడిమారు. ఈ పని నేను పూర్తి చేసేలోపు ఆ కళ్ళు ఆగవేమోనని మొదటిసారి భయం వేసింది.

నాలుగో శనివారం కంప్యూటర్ ఆపేశాను. నా రూము నుంచి తెల్ల దుప్పటి తెచ్చి నేల మీద పరిచాను. "బాబా, దాని ఎనుక నిలవడుండ్రి. తొక్కద్దు," అన్నాను. ఆయన నవ్వి నిలబడ్డారు. ఆ ఫోటో తీసే ఆయన ఏం చేశాడో నా చేతులతో చేసి చూస్తే తప్ప తెలియదనిపించింది. లైట్లు ఎత్తి, దించి, దుప్పటిని ముందుకూ వెనక్కూ జరిపి పాతిక ఫోటోలు తీశాను. చూసుకుంటే ఆయన ముఖంలో నలుపు ఒక్కటి కాదు. నుదుటి మీద ఒక నలుపు, చెంప ఎముక మీద ఇంకొకటి, కంటి కింద మెత్తటిది, పెదవి పక్కన లోతైనది. ఇన్ని మెట్లు ఉంటాయని నేను ఇన్నేళ్ళలో చూడలేదు. చూడకపోవడానికి నేనేమీ తెల్లగా లేను.

అప్పుడే మామీర్ క్యాంపు నుంచి ఒక వెల్డర్ వచ్చాడు. మెట్‌పల్లి వైపు మనిషి, నలభై దాటినవాడు. ఆరేళ్ళ తర్వాత ఇంటికి పోతున్నాడు, ముందుగా ఫోటో పంపాలట. "అన్నా, జర తెల్లగ కొట్టు," అన్నాడు ఎప్పటిలాగే. నేను అతన్ని కూడా దుప్పటి వెనక నిలబెట్టి తీశాను. ప్రింటు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అన్నా, గిది నా లెక్కనే ఉన్నదే."

"నీదే గద మరి."

"గట్లయితె ఫోటో దిగుడెందుకే? అద్దంల చూసుకుంటె సరిపాయె గద."

పెద్దాయన ఏమంటున్నాడని అడిగారు. చెప్పాను. గోడ పట్టుకుని నవ్వారు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. తర్వాత ఆ ఫోటో అడిగి తీసుకుని భూతద్దంతో చూసి, "మెడ సాపిండు, మంచిగ చేరుతడు," అన్నారు. వెల్డర్ చివరికి అదొకటి, తెల్లగా చేయించుకున్నది ఒకటి, రెండూ పట్టుకుపోయాడు. ఏది ఇంటికి పంపాడో నాకు తెలియదు.

ఆ వారం ఆ పని కిటుకు నాకు దొరికింది. ఆయన ముఖంలో చూసిన మెట్లు ఎక్కడెక్కడ ఉంటాయో తెలిశాక, పాత ఫోటోలో వాటిని వెతుక్కోవడమే మిగిలింది. నేను కొత్తగా ఏదీ చేర్చలేదు. అన్నీ అందులోనే ఉన్నాయి. పాతకాలం పెద్ద కెమెరాలతో తీసిన ఫోటో అరచేతి అంతే అయినా లోపల చాలా దాచుకుని ఉంటుంది. మిషన్‌ను మొత్తం మళ్ళీ కొత్తగా తిప్పి పెట్టాను. శుక్రవారం సాయంత్రం ప్రింటు బయటికి వచ్చినప్పుడు, ఇది మా గురువు కూడా చేయలేడని అనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను.

శనివారం దాన్ని గోడకు తగిలించి ఆయన్ని ఎదురుగా నిలబెట్టాను.

"ఏం చెప్పకు," అన్నారు.

ఆయనకు కనిపించేది ఒక పిడికిలి మేర. ఆ మేరను పట్టుకుని కింది నుంచి మొదలుపెట్టారు. ముందు బూట్లు. తర్వాత ప్యాంటు మడత. పిల్ల గౌను, పిల్ల నెత్తి మీద పెట్టిన నాయిన చెయ్యి, బెల్టు, ఒక్కొక్క గుండీ. ముఖం దగ్గరికి రావడానికి కావాలనే ఆలస్యం చేస్తున్నారని నాకు అర్థమైంది. చివరికి వచ్చారు. అక్కడ ఆగిపోయారు. నేను ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను.

"మా నాయిన," అన్నారు.

అంతే అన్నారు. నాకు అది చాలు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నారు. నాయిన ముఖం నుంచి అమ్మ ముఖానికి జరిగారు.

"అమ్మ ఎటు చూస్తున్నది?"

నేను లేచి చూశాను. నలుపు మెట్ల మీదే నా ధ్యాసంతా ఉండి, ఆ సంగతి నేనూ గమనించలేదు. ఆవిడ కెమెరాను చూడటం లేదు. నల్లగుడ్లు రెండూ పక్కకు ఉన్నాయి.

"పక్కకు చూస్తున్నది బాబా. తలుపు దిక్కు అనుకుంట."

"నేను గిన్నేండ్లు సంబురం ఫోటో అనుకున్న," అన్నారు ఆయన. "ఇంటికెట్ల చేరాల్నో అని చూస్తున్నది."

తర్వాత ఆయన చూపు ఇద్దరి మధ్యకు దిగింది. నాయిన యూనిఫాం, అమ్మ ముదురు కోటు కలిసే చోట చిన్న ఫోటోలో ఒట్టి నలుపే ఉండేది. మొదటిసారి నేను ఆ చోటును కోటు రంగుతో పూసి సాఫు చేశాను. ఇప్పుడు అక్కడ వేళ్ళున్నాయి. ఆయన వేళ్ళు, ఆవిడ వేళ్ళు, ఒకదాంట్లో ఒకటి దూర్చి గట్టిగా బిగించినవి. కణుపులు కూడా తెలుస్తున్నాయి. పెద్దాయన వంగి, ముందు అద్దంతో, తర్వాత అద్దం లేకుండా, మళ్ళీ అద్దంతో చూశారు.

"చెయ్యి వట్టుకున్నడు," అన్నారు. ఆ మాట మూడు నాలుగుసార్లు అన్నారు.

జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చి అక్కకు కలపమన్నారు. మాకు మధ్యాహ్నం, అక్కడ పొద్దున. స్పీకర్ పెట్టాను. ఎనభై దాటిన గొంతు, గట్టిగా ఉంది. తమ్ముడు చెప్పిందంతా ఆమె విన్నది.

"అక్కా, గా రోజు ఇంటికెట్ల పోయిండ్రు?" అని అడిగారు ఆయన.

"నడిచి. ఎనుక సందుకెల్లి దోవ ఉండె. ఫోటో ఆయన గటు పొమ్మని చెప్పిండు, అమ్మ గూడ గదే అన్నది. నాయిన ఇనలే. బజార్లకెల్లే పోదాం అన్నడు."

"ఎవలేమన్లేదా?"

"అన్నరు," అంది ఆమె. "మేము నడిచినం. గడప ఎక్కేదాక నాయిన అమ్మ చెయ్యి ఇడువలే."

"మరి నువ్వు యాడున్నవక్కా?"

"నేనా? నేను అందరికన్న ముందల నడిచిన."